పైడిశ్రీ హాజరు

అచ్యుతాపురం చుట్టూ ఫ్యాక్టరీలు, వాటితో జనం పెరిగిపోయి భవనాలు చాలకపోయేసరికి ప్రభుత్వ యూనివర్సిటీ ఇళ్లలోకే వచ్చేసింది. వరహాలమ్మ వంటింట్లో పొయ్యి వెనక, తెరలా వెలిగే గోడే ఆమె కూతురు పైడిశ్రీకి తరగతి గది. "అమ్మా, పక్కకి జరుగు, బోర్డు కనబడ్డం లేదు," అని ఆ పిల్ల రోజూ విసుక్కునేది. మొన్న వానాకాలంలో జ్వరం వచ్చి చనిపోయింది.

గోడకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే అది హాజరు పిలుస్తూనే ఉంది. ఎవరూ పలకకపోతే సీటు వేరే ఇంటికి పోతుంది. గోడ దాచుకున్న పైడిశ్రీ మాటలూ నవ్వులూ చెరిగిపోతాయి. అందుకని వరహాలమ్మే కూతురిలా గొంతు సన్నం చేసి, "ప్రజెంట్ సార్" అనేది.

"ఎన్నాళ్లే ఈ దొంగ హాజరు? ఆ సీటు కోసం ఎంతమంది పిల్లలు సూస్తన్నారో తెలుసా నీకు?" అన్నాడు భర్త గౌరునాయుడు.

"సూడనీ. దాని గొంతు ఇంకెక్కడుందేటి మనకి?"

ఆ ఉదయం ఆమె పప్పుకి తాలింపు వేస్తుండగా గోడ వెలిగింది. "పైడిశ్రీ?"

వరహాలమ్మ నోరు తెరిచింది. ఆమె పలక్కముందే గోడలోంచి "ప్రజెంట్ సార్" అని వినబడింది. అచ్చంగా పైడిశ్రీ గొంతే.

గౌరునాయుడు టీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఆపీయే దాన్ని," అన్నాడు. ఆమె చెయ్యి గోడ స్విచ్చి దాకా వెళ్లింది.

"అమ్మా," అంది గోడ విసుగ్గా, "పక్కకి జరుగు. బోర్డు కనబడ్డం లేదు."

తాలింపు మాడిపోతోంది. వరహాలమ్మ పక్కకి జరిగింది.