మీగడ బిళ్ళ

తొమ్మిదోసారి కూడా వెండి రేకు ముడత పడలేదు. కరిగి ముద్దైపోయింది.

"నీ దుంపతెగ!" అని యమున గ్యాస్ టార్చి ఆపేసి, పటకారు బల్ల మీద విసిరేసింది.

ఆ బల్ల మీదే ఆమె తల్లి జడబిళ్ళ ఉంది. కాచిన పాలు చల్లారాక మీగడ ముడతలు పడుతుందే, దాని ఒళ్ళంతా అచ్చం అలా ఉంటుంది. చెక్కినవి కాదు, మంటతో తెప్పించిన ముడతలు. చూస్తే తెలుస్తోంది, చేస్తే రావడం లేదు.

తల్లి పోయింది. ఆ బిళ్ళ ఎవరు చేశారని తండ్రిని అడిగితే, "ఎవడో పాత పనోడులే, ఇప్పుడు లేడు" అని మాట దాటేస్తాడు.

విశాఖలో నగల ప్రదర్శనకి నెలరోజులే ఉంది. అక్కడ ఇలాంటి నగ ఒక్కటైనా పెట్టలేకపోతే, రాజాంలో తమ కొట్లో ఈ చేతిపని బల్ల పీకేసి మిషన్ నగల బీరువాలు దింపుతానని ఆమె అన్నయ్య ప్రమోద్ తేల్చి చెప్పేశాడు. యమునకి ఆ బల్లే లోకం.

"ఉత్త వెండి ముడత పడదమ్మా," అన్నారెవరో.

గుమ్మం బయట మెట్టు మీద ముసలాయన. నగల కొట్ల ముందు దుమ్ము ఊడ్చి పట్టుకుపోయి, కడిగి, అందులో చిక్కిన వెండి రజను ఏరుకుని బతికే మనిషి. వీధంతా దుమ్ము తాత అంటారు. రెండు మూడేళ్ళుగా ఈ మెట్టు మీదకి వచ్చి కూర్చుంటున్నాడు.

"నీకేటి తెలుసు తాతా?"

"నీళ్ళు కాస్తే మీగడ కడతాదేటి? పాలు కాయాల. నీది ఒట్టి నీళ్ళు తల్లీ. ఏడుసార్లు కాల్సి, ఏడుసార్లు సింతపండు నీళ్ళల్ల ముంచాల. ఎనిమిదోసారి సెగ తగిల్తే దాని ఒళ్ళు అదే ముడుసుకుంటాది."

యమునకి నవ్వొచ్చింది. కాలేజీలో రెండేళ్ళు నగల డిజైన్ చదివి, దుమ్ము ఊడ్చే మనిషి చేత పాఠం చెప్పించుకోవాలా!

బయట చినుకులు మొదలయ్యాయి.

"తడిసిపోతన్నావు, లోపలికి రా."

"వద్దమ్మా, ఇక్కడ బాగున్నాది."

ఎండైనా వానైనా ఆయన ఆ గడప దాటడు. ఏదో చాదస్తం అనుకుంది యమున.

మర్నాడు పంచె కొంగున ముడేసుకొచ్చిన ఒక చిన్న ముక్క, గడప అవతలి నుంచే చెయ్యి చాపి ఆమెకిచ్చాడు.

"ఇది కాల్సి సూడు."

యమున గీటురాయి మీద గీసింది. గీత ఎర్రబారింది.

"ఇందులో రాగి ఉంది!"

"ఉన్నాదమ్మా. నాలుగు పాళ్ళు వెండికి ఒక పాలు..."

ఆమె విననే లేదు. వెండి వ్యాపారం చేసే ఇంట పుట్టిన పిల్లకి కల్తీ అంటే ఒళ్ళు మండదూ మరి!

"కల్తీ సరుకు తెచ్చి మా కొట్లో పెడతావా? నీ దొంగ బుద్ధులు ఇంకెక్కడైనా చూపించు. మళ్ళీ ఈ మెట్టు మీద కనపడకు!"

ముసలాయన మొహం మాడిపోయింది.

"మళ్ళీ అదే మాట," అని తనలో తాను గొణుక్కుని, చీపురు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ముక్క యమున చేతిలోనే ఉండిపోయింది. విసుగ్గా సొరుగులో పడేసింది.

ప్రదర్శన ఇక రెండు రోజులుందనగా, మిగిలిన వెండి కూడా ముద్దయ్యింది. దిక్కు తోచక ఆ కల్తీ ముక్కే తీసి, జడబిళ్ళంత గుండ్రటి రేకుగా సాగగొట్టింది. ఏడుసార్లు కాల్చింది, ఏడుసార్లు చింతపండు నీళ్ళలో ముంచింది. రేకు పాలలా తెల్లబడింది.

ఎనిమిదోసారి మంట చూపించగానే రేకు ఒళ్ళు కదిలింది. మెల్లమెల్లగా మీగడ కట్టింది.

యమున సంతోషంతో కేక పెట్టింది. ఆ వెంటనే తను తాతని అన్న మాటలు గుర్తొచ్చి, సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో చీపురు చప్పుడైంది. పరుగున వచ్చింది. ఊడుస్తున్నది ఎవరో ముసలామె.

"తాతేడి?"

"పోనాడమ్మా. నాను ఆడి పెళ్ళాన్ని, దాలమ్మని. జొరమొచ్చి పోనాడు, పదైదు రోజులైనాది."

యమున ఆయన కూర్చునే మెట్టు వైపు చూసింది.

"మంచంల పడి కూడా, 'ఆ పాప కాల్సిందేటే, కాల్సిందేటే' అని ఒకటే అడిగీవోడు. ఏటి కాల్సాలో నాకేటి తెలుసమ్మా?"

"ఆయన పేరేంటి?" అంది యమున. ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు.

"సింహాచలం."

యమున ఏడుపు దిగమింగుకుని మేడెక్కింది. తండ్రి గణపతిరావు తుంటి విరిగి మూడేళ్ళుగా మంచం దిగడు. తల్లి బిళ్ళా, తను చేసిన బిళ్ళా ఆయన చేతిలో పెట్టింది.

"ఇది కల్తీ కాదు నాన్నా. రాగి కలిస్తేనే వెండి ఇలా మీగడ కడుతుంది. వేరే దారే లేదు."

ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టి తడిమాడు.

"ఎవరు నేర్పేరే?"

"మన గుమ్మం ముందు దుమ్ము ఊడ్చుకునే తాత. సింహాచలమట."

ఆయన పోయాడన్న మాట ఆమె చెప్పేలోగానే గణపతిరావు అందుకున్నాడు.



"మీ అమ్మ బిళ్ళ చేసింది ఆడే. రాగి కలిపి నా వెండి కాజేస్తన్నాడని, ముప్పై ఏళ్ళ కిందట పదిమందిలో ఆడిని దొంగని చేసేను. ఏ కొట్టోడూ మళ్ళీ పనివ్వలేదు. నా గడప తొక్కితే కాళ్ళిరగ్గొడతానన్నాను," అని కళ్ళు తుడుచుకున్నాడు.

"కిందే ఉన్నాడేటమ్మా? నాను రమ్మన్నానని చెప్పి, లోపలికి తీసుకురా."