ఉత్తర్వు రాని రాత్రి

"దీపం ఎందుకు వెలిగించలేదు?"

బీమా కంపెనీ లాయరు మళ్లీ అదే అడిగాడు.

విచారణ గదిలో లైట్‌హౌస్ కాపలాదారు టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. భార్య పోయాక దీవి మీద ఒంటరిగా ఉండి ఉండి మాట్లాడే అలవాటు తప్పింది. ఒక్కో మాటా వెతికి బయటికి తీయాల్సి వస్తోంది.

"ఉత్తర్వు రాలేదండి. యుద్ధం మొదలైనప్పుడు, శత్రువుకు దారి కనపడకూడదని, ఆర్పేయమంటూ పడవలో కాగితం పంపారు. వెలిగించమని కూడా అలాగే రావాలి. అది తెల్లారాక వచ్చింది."

"యుద్ధం అయిపోయిందని సాయంత్రం నుంచీ రేడియో మొత్తుకుంటూనే ఉందిగా! వినలేదా?"

"విన్నాను. రేడియో మా పై అధికారి కాదు కదండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. లాయరు నవ్వలేదు.

"తాగి పడిపోయి ఉంటావు. లేదా నిద్రపోయి ఉంటావు. ఆ ముక్క ఒప్పేసుకుని ఇంటికెళ్లు పెద్దాయనా."

లాయరు ఆత్రం ఎందుకో గదిలో అందరికీ తెలుసు. ఆ రాత్రి సరుకుల ఓడ దీవి పక్కన బండకు గుద్దుకుని మునిగింది. ఒక్కడూ బతకలేదు. మామూలు బీమా ఓడకూ సరుక్కూ మాత్రమే. మనుషులకు ఖరీదు కట్టింది యుద్ధ బీమా ఒక్కటే. యుద్ధం కోసం ఆర్పిన దీపం వల్లే ఓడ పోయిందని తేలితే నావికుల కుటుంబాలకు డబ్బొస్తుంది. కాపలాదారు నిద్రయినా, ఓడవాళ్ల పొరపాటయినా, ఇంకేదయినా, చిల్లిగవ్వ రాదు.

దీపం సముద్రం వైపే తిరిగి ఉంటుంది. ఊళ్లోకి కనపడదు. సాక్షి ఈయనొక్కడే.

"నిద్రపోలేదండి. మెలకువగానే ఉన్నాను. ఉత్తర్వు లేదు, దీపం లేదు."

విచారణాధికారి కలానికి మూత పెట్టాడు.

"ఇది యుద్ధ నష్టమే. కంపెనీ చెల్లించాలి."

వరండాలో నావికుల ఇళ్ల ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు కాపలాదారు మరదలు, పోయిన భార్యకు చెల్లెలు. ఆ రాత్రి ఓడ చుక్కాని పట్టింది ఆమె కొడుకే. ఈ లోకంలో ఆయన్ని వరస పెట్టి పిలిచే మనిషి ఆమె ఒక్కతే మిగిలింది.

"రేడియో విన్నావటగా బావా?"

"విన్నానమ్మా."

"మెలకువగానే ఉన్నావటగా?"

ఆయన తలూపాడు.

"దీపం వెలిగించడానికి నీకు కాగితం కావాల్సొచ్చిందా? నా బిడ్డ చుక్కాని పట్టుకుని నీ దీపం కోసం కళ్లు కాయలు కాసేలా చూసి ఉంటాడు. నిద్ర పట్టేసిందని చెప్పినా క్షమించేదాన్ని."

ఆయన టోపీ పెట్టుకున్నాడు.

"మా అక్క ముందే పోయి బతికిపోయింది. ఇంక నా గడప తొక్కకు. నేను చచ్చానని తెలిసినా రావద్దు."

మిగతావాళ్లు పక్కకు తప్పుకుని దారిచ్చారు. గౌరవంతో కాదు. ఒక ముసలామె ఆయన అడుగుల మీద ఉమ్మేసింది.

రేవులో పడవవాడు ఆయన్ని చూసి తెడ్డు అడ్డం పెట్టాడు.

"చోటు లేదు."

పడవ ఖాళీగా ఉంది.

ఆయన ఇంకో పడవ వచ్చేదాకా చెక్క మెట్ల మీద కూర్చున్నాడు. పక్కన ఎవరూ కూర్చోలేదు.

యుద్ధం ముగిసిందని రేడియో చెప్పిన మరుక్షణమే, ఏ ఉత్తర్వు కోసమూ ఆగకుండా ఆయన వెలిగించిన దీపం ఆ రాత్రి తెల్లవార్లూ వెలుగుతూనే ఉంది.