అడ్రసు లేని బొమ్మలు

ఆడపడుచు ఇంటి అటక మీది పరుపుచుట్టను ఒక్క లాగు లాగేసరికి దాని వెనకనుంచి ఓ అట్టపెట్టె జారి డేగకన్నమ్మ నెత్తిన పడింది. "ఆగవే, నేనొచ్చి తీస్తాను" అని ఆడపడుచు వంటింట్లోంచి అరుస్తూనే ఉంది, కానీ ఆగే ఓపిక డేగకన్నమ్మకు ఎక్కడిది? తల రుద్దుకుంటూ పెట్టెను చేతిలోకి తీసుకుంది. నొప్పి సంగతి అక్కడే మరిచిపోయింది. పెట్టెకు కట్టిన దారం ముడి తనది. రెండు చుట్లు చుట్టి, మూడో చుట్టు లోపలినుంచి తీసి బిగించే ఆ ముడి తను తప్ప ఇంకెవరూ వేయరు.

అటకలోకి తొంగి చూస్తే లోపల అన్నీ అవే పెట్టెలు. ఒక్కొక్కటే కిందికి దించింది. నలభై ఒకటి తేలాయి. ఒక్కదాని ముడి కూడా ఎవరూ విప్పలేదు. ఒక్కదాని మీద కూడా అడ్రసు కాగితం లేదు.

రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర పదకొండేళ్లు కూర్చుని, తప్పిన కుట్టు కనపడితే చాలు పట్టేసేది కాబట్టి తోటివాళ్లు ఆమెకు డేగకన్నమ్మ అని పేరు పెట్టారు. మూడు నెలల కిందట ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసింది. తను కుట్టే బట్టబొమ్మలు ఆన్‌లైన్‌లో ఎగబడి కొంటుంటే ఇంకా ఒకరి కింద చాకిరీ ఏమిటని మొగుడే వెంటపడి మరీ మాన్పించాడు. ఆయనదీ అదే ఫ్యాక్టరీ, కటింగ్ సెక్షన్. ఫోన్లో ఆర్డర్లు చూడటం, అడ్రసులు అంటించడం, కొరియర్‌లో వేసి రావడం అన్నీ ఆయన చూసుకునేవాడు. ఆమె వంతు కుట్టడం, పెట్టెలో పెట్టి ముడి వేయడం. కొన్నవాళ్లు ఏమని రాశారో పొద్దున టీ తాగుతూ చదివి వినిపించేవాడు. మీ బొమ్మ నవ్వు చూసి మా పాప జ్వరం సంగతే మరిచిపోయిందండీ అని ఎవరో తల్లి రాసిందని విన్నరోజు ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

రాజీనామా ఇచ్చిన పదో రోజునుంచి ఆర్డర్లు ఠక్కున ఆగిపోయాయి. తన చేతిలోనే పస తగ్గిందేమోనని ఆమె బొమ్మల కళ్లు మార్చింది, మూతులు మార్చింది, కుట్టినవి విప్పి మళ్లీ కుట్టింది. తిండి కూడా సరిగ్గా తినలేదు పిచ్చిది.

"దొరికిందా పరుపు?" అంటూ చేతులు తుడుచుకుంటూ వచ్చిన ఆడపడుచు గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

"ఇవేంటి వదినా?"

"అవా... పిల్లల పుట్టినరోజులకి ఇద్దామని తీసిపెట్టానే."

"నలభై ఒక్కమంది పిల్లలకా?"

ఆడపడుచు నీళ్లు నమిలింది. ఎండ ఎక్కువైందంది, మంచినీళ్లు తాగుతావా అంది. చివరికి, తమ్ముడు తెచ్చి దాచమంటే దాచాను, అంతకుమించి నాకేం తెలియదని గొణిగింది.

డేగకన్నమ్మ పెట్టెల మధ్య చతికిలబడింది. అమ్ముడుపోయాయని తను కట్టి ఇచ్చిన నలభై ఒకటీ ఇక్కడే ఉన్నాయి. పాపా లేదు, జ్వరమూ లేదు. తన బొమ్మను ఇంతవరకూ ఒక్క బయటి మనిషి చేత్తో ముట్టుకోనైనా లేదు. ఊరందరి కుట్టులో తప్పులు పట్టిన తనని కట్టుకున్నవాడు ఎంత సులువుగా బోల్తా కొట్టించాడు! సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చూసిన ప్రతివాళ్లకూ మా బొమ్మలకు ఎంత గిరాకీయో అని గొప్పలు చెప్పుకుంది కూడానూ. ఆ మాటలన్నీ గుర్తొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడ్చి, ముక్కు చీదుకున్నాక, ఆమెకు ఇంకోలా తోచింది. ఎప్పటికైనా సొంతంగా ఏదో ఒకటి పెట్టుకోవాలని తను ఏళ్ల తరబడి ఆయన ప్రాణం తోడేసింది. పెళ్లాం మొహంలో ఆ సంతోషం చూడాలని, పాపం, తన జీతంలోంచే తీసి బేరాలొచ్చినట్టు చేతిలో పెట్టి ఉంటాడు. తెలివితక్కువ పనే, కానీ ప్రేమ లేనివాడు చేసే పని కాదు. కోపం పూర్తిగా పోలేదు గానీ సగానికి సగం చల్లారింది.

"పోనీలెండి వదినా. ఇంటికి రాగానే నాలుగు దులుపుతాననుకోండి. అయినా నా ముచ్చట తీర్చాలనే కదా ఇదంతా చేశాడు."

ఆడపడుచు వంగి పెట్టెలు ఒకదాని మీద ఒకటి సర్దసాగింది.

"నా కుర్చీలో ఇంకా ఎవర్నీ వేయలేదట. రేపు పొద్దున్నే మేనేజరు దగ్గరికెళ్లి, కాళ్లావేళ్లా పడైనా మళ్లీ చేరిపోతాను."

ఆ మాటకు ఆడపడుచు మొహంలో నెత్తుటి చుక్క లేదు. గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది. ఉద్యోగం మాటెత్తవద్దంది. హాయిగా ఇంటిపట్టున ఉండమంది. కావాలంటే ఈ బొమ్మలన్నీ తనే కొంటానంది. ఎందుకు వద్దో చెప్పమని డేగకన్నమ్మ గుచ్చి గుచ్చి అడిగింది. ఆడపడుచు మాట దాటేస్తుంటే, రేపటిదాకా ఎందుకు, ఇటునుంచి ఇటే ఫ్యాక్టరీకి వెళ్తానని లేచి చెప్పులు వేసుకుంది.

ఆడపడుచు పరుగున వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వెళ్లకే తల్లీ, నా తమ్ముడు వీధిన పడతాడు. మొగుడూ పెళ్లాల్లో ఒక్కరే ఉండాలని కంపెనీవాళ్లు రూలు పెట్టినప్పుడు, వాళ్లు ఉంచుకుంటామన్నది నిన్ను, పొమ్మని కాగితం ఇచ్చింది వాడికి."