గిన్నెడు బెల్లం

అడగకముందే గోడ అరలోకి వచ్చిపడే సరుకుతో వండింది నైవేద్యమవుతుందా అని అనసూయమ్మకు ఏళ్లుగా అనుమానం. తెనాలిలో ఆమె పూలకొట్టు ఉన్న పాత బజారును పడగొట్టి, కింద కొట్లు, పైన ఇళ్లుగా ముప్ఫై అంతస్తులు లేపారు. ఇంట్లో ఏది నిండుకోబోతున్నా కింది కొట్టే కనిపెట్టి పంపేస్తుంది. బదులుకని ఎవరూ ఎవరి తలుపూ తట్టరు.

ఈ ఉదయం తలుపు చప్పుడైంది. ఒకప్పుడు పక్కన గాజులకొట్టు నడిపిన జైబున్నీసా, ఖాళీ గిన్నెతో నిలబడి ఉంది.

“ఏమే అనసూయా, బజారు కూల్చినప్పుడు గిన్నెడు బెల్లం తీసుకున్నావు. పదేళ్లయింది. ఎగ్గొడదామనా?”

“మీ గోడ ఇవ్వట్లేదా వదినా?”

“ఇస్తది. లోపలికి రమ్మనదుగా!”

ఆ బాకీ తీరిస్తే వదిన ఇంటికి వెళ్లే సాకు ఇంకొకటి మిగలదనే అనసూయమ్మ ఇన్నాళ్లూ దాచుకుంది. ఇప్పుడు ఆమెను కూర్చోబెట్టి, బెల్లం అచ్చు ముందేసుకుని, నెమ్మదిగా పలుకు పలుకు కొడుతూ గిన్నె నింపింది.