పౌడర్ లేని వేషం

శుక్రవారం సాయంత్రం సౌదీలోని జుబైల్‌లో పిల్లల ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి పది నిమిషాల ముందు, సంధ్య తన పదేళ్ల కూతురు మేఘన మొహానికి పౌడర్ అద్దింది. మేఘన మెడలోని రుమాలుతో తుడిచేసుకుంది.

"ఏందే? ఝాన్సీ రాణి వేషం ఎయ్యమంటే ఇనకపోతివి. గీ నల్లామె ఎవలు?" అంది సంధ్య.

"బెస్సీ కోల్మన్. అమెరికాల నల్లోళ్లకు, ఆడోళ్లకు విమానం నడుపుడు నేర్పియ్యం అన్నరు. ఫ్రెంచి నేర్చుకొని ఫ్రాన్సుకు పోయి లైసెన్సు తెచ్చుకుంది."

"నీ రంగుకు మంచిగ దొరికింది తియ్యి," అని నవ్వాడు తండ్రి లక్ష్మణ్. "ప్లాంటుల షట్‌డౌన్ డ్యూటీ ఇడిసిపెట్టి ఒస్తే, గిదా సూసేది!"

సంధ్య కూడా నవ్వింది. బిడ్డ పుట్టినప్పటి నుంచి ఆమె పౌడర్ వేయకుండా గడప దాటించింది లేదు. మళ్లీ డబ్బా తీసింది.

"కదలకు. వీడియో ఊరికి పంపాలె."

"పౌడర్ పెడితే ఆమె గాదమ్మా."

"మరెవలైతవే?"

"రోజు నువ్వు పౌడర్ పెట్టి బడికి పంపుతవు గద, గా పిల్లనైత."

సంధ్య చెయ్యి ఆగింది. మైకులో మేఘన పేరు పిలిచారు.

"జల్ది పెట్టు, ఊళ్లె నవ్వుతరు," అన్నాడు లక్ష్మణ్.

"నువ్వూకో."

సంధ్య డబ్బా మూత పెట్టింది. మేఘన, తండ్రి ప్లాంటు నుంచి తెచ్చిన సేఫ్టీ కళ్లద్దాలు నుదుటి మీదికి ఎక్కించుకుని స్టేజీ ఎక్కింది.

సంధ్య ఫోన్ తీసింది. మొహాన్ని తెల్లగా చూపించే ఫిల్టర్ ఆపేసి, వీడియో మొదలుపెట్టింది. ఊరి గ్రూపుకు అదే పంపింది.