తగరం ఏడుపు

యుద్ధం మొదలైననాటికి వైకుంఠం చేతిలో ఉన్నవి రెండే: నలభై తగరం కడ్డీలు, దుర్గయ్య అనే ఒక దోస్తు. రెండూ మేలిమి సరుకేనని అతని లెక్క.

ఆ కడ్డీల్లో ఒకటి ఇప్పుడు అతని చేతిలో వంగి ఉంది.

"ఏందిరా దుర్గయ్యా ఇది?"

యాకుత్‌పురాలో దుర్గయ్య కలాయి కొలిమి ముందు గోనెపట్టా మీద కడ్డీలన్నీ పరిచి ఉన్నాయి. జపానువాళ్లు మలయా పట్టుకున్నాక తగరం రావడం ఆగిపోయింది. ఉన్న సరుకును సర్కారు ఎక్కడ పట్టుకుపోతుందోనన్న భయంతో వైకుంఠం వాటిని తెచ్చి ఈ కొలిమి పక్కనే పాతిపెట్టించాడు. కాపలా కాసినందుకు దుర్గయ్యకు నాలుగు కడ్డీలు ఇస్తానని మాట.

ఇప్పుడు ఊళ్లో రాగి గిన్నెలన్నిటికీ కలాయి పోయింది. చారు పోస్తే చిలుమెక్కుతోంది. నవసాగరం చల్లి రాగిని ఎంత తేటగా తుడిచినా, పైన పూయడానికి తగరమే కావాలి. అమ్మితే ఇప్పుడే అమ్మాలి.

"మంచిగనే ఉన్నయి గదన్నా," అన్నాడు దుర్గయ్య.

వైకుంఠం ఇంకో కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచాడు. మేలిమి తగరాన్ని వంచితే సన్నగా, కరకరమని ఏడుస్తుంది. సీసం కలిస్తే మూగబోతుంది. ఉస్మాన్‌గంజ్‌లో అతను జీవితమంతా వ్యాపారం చేసింది ఆ ఏడుపును నమ్ముకునే.

ఇంకోటి వంచాడు. మరొకటి. ఉలుకూ పలుకూ లేదు.

"కొలిమి నీది, తిత్తి నీది. కరగబెట్టి, సీసం కలిపి మళ్ల పోసుడు నీకెంత పని? ఏం చెప్తవో చెప్పు!"

దుర్గయ్య అతని ముఖంలోకి వింతగా చూశాడు. "కడ్డే చెప్పింది గదన్నా. ఇగ నేనేం చెప్పాలె?"

ఒప్పుకున్నాడు! వైకుంఠం చేతిలోని కడ్డీని గోనెపట్టా మీదికి విసిరేశాడు.

"ఒక్క పళ్లెంల తిన్నం గదరా!"

"నాలుగు కడ్డీల కోసం గింత మాటనా అన్నా?" దుర్గయ్య లేచి నిలబడ్డాడు. "ఇయ్యనంటే అయిపోతుండె. నేనేమన్న అడిగిననా?"

"నాలుగు చాలక నలభై మింగినవ్!"

దుర్గయ్య కొలిమిలో నీళ్లు కొట్టి, లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

కడ్డీలను బండికెత్తించి వైకుంఠం వెనకాలే నడిచాడు. మూలమలుపులో ఒక సైకిలు అతని మోచేతిని రాసుకుంటూ పోయింది.

"గంట కొట్టరాదురా!"

సైకిలువాడు గంట మీద వేలు అలాగే ఉంచి, వెనక్కి తిరిగి ఏదో తిట్టాడు. నమ్మినవాడే ముంచాక, దారినపోయేవాడి దగ్గర మర్యాద ఏం వెతుక్కుంటాం?

సంగతి బజారంతా పాకింది. వైకుంఠమే పాకించాడు. దుర్గయ్యకు గిన్నె ఇచ్చేవాడు లేకుండా పోయాడు. ఇల్లు ఖాళీ చేసి, పెళ్లాం పిల్లలతో షోలాపూర్ రైలెక్కాడని తెలిసింది.

"ఈ దోమల మోతకు కంటి మీద కునుకు లేదయ్యా," అంటూ విసనకర్రతో కొట్టుకునేది భార్య రాజమణి.

"దోమలెక్కడియే? నాకైతే ఆ దుర్గయ్య మాటలే చెవుల మోగుతున్నయి."

చివరికి కల్తీ సరుకు కొనడానికి పక్క దుకాణం రామ్‌చందర్ వచ్చాడు. ఒక కడ్డీ వంచాడు. వైకుంఠం ముఖంలోకి చూశాడు. ఇంకోటి వంచి, మళ్లీ చూశాడు.

"సీసం మస్తు కలిసిందన్నా. ఎవడు కొంటడు? సరే, మన దోస్తీ కొద్దీ సీసం ధరకు తీసుకుంట."

"దోస్తీ మాట ఎత్తకు భాయ్. తీస్కపో."

రామ్‌చందర్ బేరమాడకుండా రొక్కం పెట్టి, ఆ పూటే బండి తెప్పించుకున్నాడు.

వైకుంఠం ఒక్క కడ్డీ మాత్రం ఉంచుకున్నాడు. సాయంత్రం ఇంటి అరుగు మీద కూచుని మొత్తం లెక్క చూసుకున్నాడు. పోయింది మేలిమి తగరం. మిగిలింది ఈ కడ్డీ ఒకటి, దోస్తు ఎవడో దొంగ ఎవడో తెలిసిన తెలివి ఒకటి. అదే లాభమనుకున్నాడు.

పక్కనే రాజమణి చాటలో బియ్యం ఏరుతోంది.

"ఇగో చూడు, దుర్గయ్యగాడి నమ్మకం," అంటూ కడ్డీని రెండు చేతులా పట్టి వంచాడు. ఉలుకూ పలుకూ లేదు.

రాజమణి ఉలిక్కిపడి చాట వదిలేసింది.

"గదేందయ్యా, గట్ల కరకర ఏడుస్తుంది?"