పక్క బాత్రూమ్‌లో ఏడుపు

పరీక్షలు దగ్గరపడితే ఇబ్రహీంపట్నంలోని ఆ హాస్టల్ అమ్మాయిలు బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చేవారు. నీళ్ల చప్పుడులో ఏడుపు బయటికి వినపడదు. ఆఖరి పరీక్షకు ముందు రాత్రి సింధూరి కూడా కుళాయి తిప్పింది. ఎంతసేపటికీ కన్నీళ్లు రాలేదు. మనసు మొద్దుబారిపోయింది.

కుళాయి కట్టేసింది. పక్క బాత్రూమ్‌లో ఎవరో వెక్కి వెక్కి ఏడుస్తున్నారు.

"ఎవరే అది? ఊరుకో, రేపటితో అయిపోతాయిగా," అంది సింధూరి.

ఏడుపు ఆగింది.

"నీకు రావట్లేదుగా. నీ బదులు నేను ఏడుస్తున్నా."

అచ్చం సింధూరి గొంతే.

ఆమె బయటికొచ్చి చూసింది. పక్క తలుపుకి బయట తాళం వేసి ఉంది. లోపల లైటు కూడా లేదు.

భయపడాలని ఆమెకు తెలుసు. ఆ భయమూ రాలేదు. తలుపుకి చెవి ఆనించి తడి నేల మీదే కూర్చుంది.

"ఆపకే," అంది మెల్లగా. "ఇంకాసేపు ఏడవవా?"